పదడుగుల గది, పాతిక వేలు: హెడ్‌ఫోన్సా, మానిటర్లా?

అమలాపురం కుర్రోడు:
నమస్కారమండి. ఇంట్లోనే జానపదాలు రికార్డు చేసి మిక్స్ చేస్తుంటాను. గది పదికి పది, పైన శ్లాబు, కింద టైల్స్. ఇన్నాళ్లూ మామూలు ఇయర్‌ఫోన్సే. మొన్న కనుమకి జగ్గన్నతోట తీర్థానికని ఒక పాట చేస్తూ స్నేహితుడి దగ్గర అయిదంగుళాల మానిటర్లు, అంటే మిక్సింగ్‌కి వాడే స్పీకర్లు, అడిగి తెచ్చుకున్నాను. కూర్చున్న చోట బేస్ తెలియట్లేదని పెంచుకుంటూ పోయాను. తీరా తీర్థానికి ఊరేగించే మా ప్రభ (వెదురుతో కట్టిన అలంకారం) వెనకాల బాక్సుల్లో వేస్తే డప్పు గుబగుబలే తప్ప, పాడిన మా పిన్ని గొంతు ఒక్క ముక్క వినపడలేదు. పిన్ని ఇంకా నాతో మాట్లాడట్లేదు. చేతిలో పాతిక వేలున్నాయి. ఏవి కొనమంటారు?

చెరువుగట్టు:
తమ్ముడూ, తప్పు మానిటర్లది కాదు, నీ కుర్చీది. గది నడిమధ్యన వేసుకున్నావు కదూ? పదడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర, అంటే బేస్‌లో, శబ్దం అల నిలబడిపోతుంది. గోడ పక్కన బాగా వినపడుతుంది, సరిగ్గా మధ్యలో దాదాపు ఉండదు. నీకు వినపడనిది నువ్వు పెంచావు, ఊరంతా విన్నారు.

మాది భీమవరం పక్కన. నేను ముందు వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్స్ కొన్నాను. సౌండ్ చాలా హాయిగా ఉంటుంది, కానీ రాత్రి పనిచేద్దామంటే చెరువుల్లో ఏరేటర్ల మోత అంతా చెవిలోకే. చివరికి మూసి ఉండే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే కరెంటుకి దాని నిరోధం) తీసుకున్నాను. అందులో 'స'లు కాస్త గుచ్చుకుంటాయి. అది పాటలో తప్పనుకుని కోసేశావో, మీ పిన్ని గొంతు మొద్దుబారిపోతుంది.

ఇంకోటి. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చెవికి ఎడమదే వినపడుతుంది, రివర్బ్ (గొంతుకి మనం కలిపే గింగురు) కూడా ఉన్నదానికంటే స్పష్టంగా తెలుస్తుంది. చాల్లే అని తక్కువ వేస్తాం, బయట స్పీకర్లో పొడిపొడిగా వస్తుంది. మిక్స్ అయ్యాక ఫోన్ స్పీకర్లో ఒకసారి, ఎవరిదైనా కారులో ఒకసారి వినాల్సిందే.

పాలకొల్లు బాబాయ్:
మూలల్లో నాలుగు పీచు పరుపులు నిలబెట్టి మానిటర్లే కొనుక్కోవయ్యా. ఎంతసేపని చెవులు నొక్కుకుని కూర్చుంటావు?

చెరువుగట్టు:
బాబాయ్ గారూ, పరుపులతో చప్పట్లు కొడితే వచ్చే గింగురు తగ్గుతుందండి. 56 హెర్ట్జ్ అల పొడవు ఇరవై అడుగులు. నాలుగంగుళాల పీచు దాన్నేం ఆపుతుంది?

అమలాపురం కుర్రోడు:
కుర్చీ ముందు గోడకి నాలుగడుగుల్లోకి జరిపి విన్నానండి. డప్పు కాస్త తెలిసింది! హెడ్‌ఫోన్సే తీసుకుంటాను. 80 ఓమ్స్‌కి సౌండ్ సరిపోవాలంటే విడిగా యాంప్ (యాంప్లిఫయర్) కావాలా?

చెరువుగట్టు:
అక్కర్లేదు, నువ్వు రికార్డు చేసే ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) చాలు. ముందు పాట సరిచేసి పిన్నికి వినిపించు.