ఏడేళ్ళ పిల్లవాడి గిటార్ క్యాసెట్టు: ఆ వేగం నిజమేనా?

పూల్‌బాగ్
బంధువుల ఇంట్లో పాత క్యాసెట్టు ఒకటి దొరికింది. పైన పెన్నుతో 1991 అని ఉంది. విజయనగరంలో ఒక అద్దె ఇంట్లో రికార్డు చేశారట. వాయించినవాడికి అప్పటికి ఏడేళ్ళు, నేర్పింది తండ్రి. స్పెయిన్ స్వరకర్త ఫ్రాన్సిస్కో టార్రెగా (1852–1909) గిటార్ కోసం రాసిన 'లాగ్రిమా' అనే చిన్న రచన అది. రికార్డింగును ఇక్కడ పెడుతున్నాను. వాయిద్యం అయిపోయాక ఒక మగగొంతు "మొదటి నుంచి" అంటుంది, పిల్లవాడు వెంటనే మళ్ళీ ఎత్తుకుంటాడు, అక్కడ టేపు ఆగిపోతుంది. ఇది పుట్టుకతో వచ్చిన ప్రతిభా, లేక గట్టి తరిఫీదా? తెలిసినవారు చెప్పండి.

గంటస్తంభం
ఒళ్ళు జలదరించింది. ఏడేళ్ళా!

ఆరుతీగలు
ఆగండి. 'లాగ్రిమా' ఇ మేజర్‌లో ఉంటుంది. ఇందులో ఆధార స్వరం ఇ బదులు ఎఫ్ అని వినిపిస్తోంది, అంటే అర స్వరం ఎక్కువ. టేపు వేగంగా తిరిగిందన్నమాట. అర స్వరమంటే వేగంలో సుమారు ఆరు శాతం తేడా. అసలు వేగం తేలకుండా ప్రతిభ గురించి మాట్లాడటం దండగ.

నాగావళి_తీరం
ఆరుతీగలు గారూ, రెండు నిమిషాల రచనలో ఆరు శాతమంటే ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లు పోయినంత మాత్రాన పిల్లవాడు మామూలువాడైపోతాడా? రెండో భాగం వినండి, దిగులుగా వినిపించే మైనర్‌లోకి మారే చోట. చిన్న చేయి బాగా సాగాల్సిన దగ్గర మొదటిసారి తీగ ఫ్రెట్‌కు (గిటార్ మెడమీది లోహపు మెట్టుకు) తగిలి జర్రుమంది. అదే చోటుకు రెండోసారి వచ్చేసరికి ఆ చప్పుడు లేదు, స్వరం శుభ్రంగా పలికింది. ఆపలేదు, తడబడలేదు. వాయిస్తూనే తన తప్పు తను విని వేలు సర్దుకున్నాడు. అది ఎవరూ బలవంతంగా నేర్పగలిగేది కాదు. ఆ చెవి వాడిదే.

ఆరుతీగలు
చెవి సంగతి తరువాత. ముందు వేగం తేలాలి.

పాతరేడియో
శ్రుతి పెరిగితే టేపు వేగం పెరిగినట్టేనని తేల్చేయకూడదు. పెద్దల గిటార్‌లో తీగ పలికే పొడవు సాధారణంగా 650 మిల్లీమీటర్లు. పిల్లల గిటార్‌లో అది చాలా తక్కువ. పొట్టి గిటార్‌కు మామూలు నైలాన్ తీగలు వేసి మామూలు శ్రుతి పెడితే తీగ వదులైపోయి వేలాడుతుంది. అందుకే కొందరు శ్రుతి పెంచి బిగిస్తారు. ఆ తండ్రి అదే చేసి ఉండవచ్చు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది. పాత రికార్డింగుల అడుగున ఆ కరెంటు రొద, హమ్ అంటారు, వినిపిస్తూ ఉంటుంది. టేపు ఆరు శాతం వేగంగా తిరిగి ఉంటే ఆ హమ్ కూడా 53 దగ్గరకు జరగాలి. నేను కంప్యూటర్‌లో పెట్టి చూశాను. 50 దగ్గరే ఉంది.

ఆరుతీగలు
ఆ హమ్ ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మీ యంత్రం నుంచి కూడా రావచ్చు కదా!

పాతరేడియో
రావచ్చు. కానీ అప్పుడు 50 దగ్గర ఒకటి, 53 దగ్గర ఒకటి కనిపించాలి. 53 దగ్గర ఏమీ లేదు.

ఆరుతీగలు
ఆనాడు బ్యాటరీలతో రికార్డు చేసి ఉంటే పాత హమ్ అనేదే ఉండదు. ఏదీ రుజువు కాలేదు.

అయ్యకోనేరు
ఈ లెక్కలన్నీ ఎందుకు నాయనా? గిటార్‌లో గమకం ఎక్కడుంది? సంగీతమంటే ద్వారం వారి వయొలిన్.

నాగావళి_తీరం
అయ్యకోనేరు గారూ, పెద్దవారు, మన్నించండి. వయొలిన్ మాత్రం ఈ నేలమీద మొలిచిందా? కర్ణాటక సంగీత విద్వాంసుడు బాలుస్వామి దీక్షితార్ వంటివారు చేతిలోకి తీసుకున్నారు కనుక మనదైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టారు. గిటార్‌ను కచేరీ వేదిక ఎక్కించిన ఆంద్రెస్ సెగోవియా స్పెయిన్‌లోని లినారెస్‌లో పుట్టిందీ 1893లోనే. మనవాళ్ళు ఒకదానికి పీట వేశారు, రెండోదాన్ని గుమ్మం బయటే నిలబెట్టారు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసినప్పుడు తొమ్మిదేళ్ళవాడు. మాండలిన్ కూడా బయటి వాద్యమే.

నాకెందుకింత కోపమో చెబుతాను. మా అమ్మాయి ఎనిమిదో ఏట గిటార్ నేర్చుకుంటానంది. శ్రీకాకుళంలో ఒక సంగీతం మాస్టారి దగ్గరకు తీసుకువెళ్ళాను. పిల్లను కూర్చోమని కూడా అనలేదు. "ఇది సినిమా వాద్యం, మీ డబ్బూ నా కాలమూ వృథా" అని గుమ్మంలోంచే పంపేశారు. ఆ తరువాత అది గిటార్ ముట్టుకోలేదు.

గంటస్తంభం
అది చాలా తప్పండీ.

ఆరుతీగలు
తప్పే. కాదనను. కానీ ఈ రికార్డింగుకూ దానికీ సంబంధం లేదు. టేపు వేగం...

నాగావళి_తీరం
మళ్ళీ టేపు వేగమే! పాతరేడియో గారు అంత ఓపికగా చెప్పినా మీకు చెవికెక్కడం లేదు. ఒక పిల్లవాడు బాగా వాయించాడని ఒప్పుకోవడానికి మీకు వచ్చిన నష్టమేమిటి? అసూయ కాకపోతే ఇంకేమిటి?

ఆరుతీగలు
అసూయ అన్నారు కనుక చెబుతున్నాను. నేను విజయనగరంలో పిల్లలకు గిటార్ నేర్పుతాను. నిన్న సాయంత్రం ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, ఫోనులో ఈ రికార్డింగే పెట్టి, పిల్లవాడి ముందే అడిగాడు: "ఏడేళ్ళవాడు ఇంత వాయిస్తుంటే, వీడికి పదేళ్ళు, వీడెందుకు ఇలా ఉన్నాడు?" ఆ పిల్లవాడు బొటనవేలు గోటితో సంచీ జిప్పును గీకుతూ నిలబడ్డాడు. తల ఎత్తలేదు. వాడు బాగానే వాయిస్తాడు. నిదానంగా నేర్చుకుంటాడు, నేర్చుకున్నది మరచిపోడు.

ఇక్కడ పెట్టిన రెండు రోజుల్లోనే ఈ రికార్డింగు పిల్లలను కొట్టే బెత్తమైంది. వేగం నిజం కాదని తేలితే ఆ తండ్రికి చూపిద్దామనుకున్నాను. ఇప్పుడు ఆ చివరి గొంతు వినండి. అంత వాయించిన ఏడేళ్ళ పిల్లవాడికి "బాగుంది" అనే ఒక్క మాట లేదు. "మొదటి నుంచి" అంతే. ఇంత ప్రతిభ ఉన్న వాడు తరువాత ఏమయ్యాడు? ఎవరైనా విన్నారా? పేరున్న గిటార్ విద్వాంసుడు జాన్ విలియమ్స్‌కు తండ్రి లెన్ విలియమ్సే తొలి గురువు. తండ్రి దగ్గర నేర్చుకుని పైకి వచ్చినవారినే మనం లెక్కపెడతాం. మధ్యలో విరిగిపోయిన పిల్లల రికార్డింగులను ఎవరూ వెతికి పెట్టరు.

నాగావళి_తీరం
ఇది మొదటే చెప్పవలసింది. చెప్పి ఉంటే ఇన్ని మాటలు అనేదాన్ని కాదు.

కానీ ఆ గొంతు దగ్గర మీతో ఏకీభవించలేను. నాకు అందులో కాఠిన్యం వినిపించలేదు. పనినుంచి వచ్చి అలసిపోయి కూడా కొడుకు పక్కన కూర్చున్న మనిషి గొంతు అది. మా అమ్మాయికి "మొదటి నుంచి వాయించు" అని చెప్పేవాళ్ళే దొరకలేదు. మీరు బలవంతం చేసిన తండ్రులను చూశారు. నేను తలుపు మూసిన గురువును చూశాను. ఈ రికార్డింగును దాచేస్తే, మన ఊళ్ళలో కూడా ఇది సాధ్యమని మా అమ్మాయిలాంటి పిల్లలకు ఎలా తెలుస్తుంది?

ఆరుతీగలు
సాధ్యమని తెలియడానికి పిల్లవాడి బాల్యాన్ని బజారులో పెట్టాలా? వాడు ఇప్పుడు పెద్దవాడు. వాడి అనుమతి తీసుకున్నారా? పూల్‌బాగ్ గారు ఇంతవరకూ ఆ మాటే ఎత్తలేదు.

గంటస్తంభం
ఆ చివరి మాట కత్తిరించి పెడితే గొడవ ఉండదు కదా.

ఆరుతీగలు
వద్దు. అది కత్తిరిస్తే మిగిలేది బెత్తమే. తల్లిదండ్రులు ముందుగా వినవలసింది ఆ గొంతునే.

నాగావళి_తీరం
నేనూ వద్దంటాను, నా కారణం వేరు. నేర్పిన మనిషిని తీసేసి పిల్లవాడిని ఒంటరి అద్భుతంగా నిలబెట్టడం అన్యాయం.

పూల్‌బాగ్
అనుమతి తీసుకోలేదు. ఆయన ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటున్నారని బంధువులు చెప్పారు, నంబరు అడిగాను. ఆయన సరేననే వరకు లంకె తీసేస్తున్నాను.

నాగావళి_తీరం
తీసేయడం సరే. ఆయనతో మాట్లాడినప్పుడు, ఆ గొంతు గురించి ఆయననే అడగండి. నేనూ ఆరుతీగలు గారూ ఎంత వాదించినా అది మా ఊహే.

ఆరుతీగలు
అడగండి. ఆయన నాన్న మంచివాడని చెప్పినా, ఆ పదేళ్ళ పిల్లవాడి విషయంలో నా మాట మారదు.

పాతరేడియో
పూల్‌బాగ్ గారూ, అసలు క్యాసెట్టును ఇంకెక్కడా పెట్టి తిప్పకండి. ఇంత పాత టేపు ప్లేయర్‌లో చిక్కుకుంటే తెగిపోతుంది. నా దగ్గర హెడ్‌లు శుభ్రం చేసి ఉంచిన డెక్కు ఉంది. ఆదివారం తీసుకురండి, పూర్తిగా ఒక కాపీ తీసి మీ చేతికిస్తాను. ఎవరికి వినిపించాలన్నది ఆయన చెబుతారు.