టికాల్‌ను నిలబెట్టింది బయటి బలమా, చెరువులా?

రాతిపలక: గ్వాటెమాలా అడవిలో మాయా నాగరికత నాటి ఈ టికాల్ నగరం ఎలా ఎదిగిందంటే నేను చెప్పేది ఒకటే తేదీ, క్రీ.శ. 378 జనవరి 16. ఆ రోజు సిహ్యాజ్ కాక్ అనే సేనాని పడమటి నుంచి వచ్చాడు, టికాల్ రాజు చక్ తోక్ ఇచాక్ అదే రోజు పోయాడు. మరుసటి ఏడు గద్దెక్కిన యాష్ నున్ అహీన్‌ను, పడమట మెక్సికోలో ఉన్న మహానగరం టియోటివాకాన్ వేషంలోనే చెక్కారు. ఆ అండ లేకపోతే టికాల్ మామూలు ఊరే.

చెరువుగట్టు: అక్కడ నది లేదండీ, ఏరూ లేదు. నాలుగైదు నెలలు వాన సరిగా పడదు. గుడుల ముందు నేలకు గచ్చు చేసి, వాలు పెట్టి, వాననీళ్లను చెరువుల్లోకి మళ్లించారు. ఒక చెరువులో నీళ్లు వడగట్టే జియోలైట్, క్వార్ట్జ్ బయటపడ్డాయని 2020లో పరిశోధకులు చెప్పారు. ఆ వడపోత 378 కంటే శతాబ్దాల ముందుది.

పొలంగట్టు: ఆ రోజు గురించి శాసనంలో ఉన్నది ‘వచ్చాడు’ అనే కదా? ‘జయించాడు’ అని లేదు.

రాతిపలక: రాజు ‘నీళ్లలోకి వెళ్లాడు’ అని కూడా ఉంది. మాయా శాసనాల్లో అది చావు కబురు. రాక, చావు ఒకే రోజు. ఇంకేం కావాలి?

చెరువుగట్టు: ఆ మాటలున్న 31వ శాసన శిల నిలబెట్టింది 445లో, యాష్ నున్ అహీన్ కొడుకు. తండ్రి గురించి కొడుకు చెక్కించిన మాట పట్టుకుని కూర్చుంటారా? మా ఊరి చెరువుకట్ట తెగినప్పుడు మా అమ్మ రెండు వేసవులు మట్టితట్ట మోసింది. తూము పక్క రాయి మీద మాత్రం కొబ్బరికాయ కొట్టడానికి వచ్చినవాడి పేరుంది. అందుకే ఇలాంటి మాట వింటే నాకు కడుపు మండుతుంది.

రాతిపలక: అమ్మగారి కష్టాన్ని నేను తక్కువ చెయ్యలేదు. రాజుల్ని పొగడనూ లేదు. చెరువులు చాలా మాయా ఊళ్లలో ఉన్నాయి. అవన్నీ టికాల్ కాలేదేం?

చెరువుగట్టు: అదిగో, మన తేడా అక్కడుంది. మీకు ఎదగడమంటే పక్క ఊళ్లు లొంగడం. నాకు ఎండాకాలంలో జనం ఊరు విడవకుండా బతకడం.

పొలంగట్టు: 562లో టికాల్ యుద్ధంలో ఓడిపోయాక 130 ఏళ్లు అక్కడ కొత్త శాసనమే లేదు. అయినా ఊరు ఖాళీ కాలేదు.

రాతిపలక: ఆ 130 ఏళ్ల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, నిజమే. కానీ 378లో జరిగింది చిన్న మార్పు అంటే మాత్రం ఒప్పుకోను.