వీధి రోడ్డు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మాది చిన్న ఊరు. మా వీధికి కొత్త రోడ్డు, నడకదారి వేస్తారట. ఖర్చులో సగం వీధిలో ఇళ్లున్నవాళ్లే కట్టాలంటున్నారు, ఇంటి ముందు ఎన్ని అడుగులుంటే అంత వాటా. ఈ లెక్కన మూలమీద ఇల్లున్న పెద్దావిడకి రెండు వైపులా పడుతుంది. పెన్షన్ తప్ప ఆవిడకి వేరే ఆదాయం లేదు, ఒకటే టెన్షన్ పడుతున్నారు.

రోడ్డు పడితే మా స్థలాల విలువ పెరుగుతుంది, నిజమే. కానీ రోడ్డును ఎక్కువగా పాడుచేసేది బరువు లారీలు, అవి తిరిగేది ఊరందరి కోసం. అందుకే రోడ్డు ఆస్తిపన్ను డబ్బుతో వేసి, నడకదారికి మాత్రం మేం కట్టడం న్యాయమనిపిస్తోంది.

మీ దగ్గర ఎలా పంచుకున్నారు? మూల స్థలాలకి తగ్గింపు, వాయిదాలు ఇచ్చారా? త్వరలో మీటింగ్ ఉంది, అక్కడ ఏం అడగాలో దయచేసి చెప్పండి.