తాను దేవుణ్ణి కాదన్న మనిషిని దేవుడని ఎలా నమ్ముతున్నారు?

రాస్తఫారీ, అంటే హైలే సెలాసీని దైవంగా చూసే, జమైకాలో పుట్టిన మత ఉద్యమం గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. నేను క్రైస్తవుణ్ణి, వాదనకు రాలేదు, నిజంగానే అర్థం చేసుకోవాలనుంది.

1930లో ఇథియోపియాకు చక్రవర్తి అయిన హైలే సెలాసీ బిరుదుల్లో 'రాజులకు రాజు', 'యూదా గోత్రపు సింహం' ఉన్నాయి, ఇవి మన బైబిల్లో ప్రకటన గ్రంథంలో ఉన్న మాటలే కాబట్టి జమైకాలోని పేదలు తిరిగి వచ్చిన క్రీస్తు ఈయనేనని ఎందుకు అనుకున్నారో నాకు అర్థమవుతుంది, బానిసత్వం చూసిన జనానికి నల్లజాతి రాజు కనబడడం చిన్న విషయమేం కాదు. కానీ ఆయన చివరిదాకా ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవుడే, 1967లో ఒక ఇంటర్వ్యూలో నేను మామూలు మనిషినేనని స్వయంగా చెప్పారు కూడా. యేసు అలా కాదు కదా, యోహాను 10:30లో నేనూ తండ్రీ ఒక్కటే అన్నాడు.

అయితే మార్కు 10:18లో 'నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడు తప్ప మంచివాడెవడూ లేడు' అని, తాను దేవుణ్ణి కాదన్నట్టు వినిపించే మాట కూడా అన్నాడు, అక్కడే నాకు చిక్కు పడింది. యేసు మాటకు మనం లోతైన అర్థం చెప్పుకుంటాం, మరి సెలాసీ కాదన్నదాన్ని వాళ్లు వినయం అంటే తప్పని ఎలా అనగలం? పైగా 1975లో ఆయన చనిపోయాక వాళ్ల నమ్మకం ఎలా నిలిచింది? రాస్తాలు (రాస్తఫారీని నమ్మేవాళ్లు) అందరూ ఆయన్ని దేవుడనే అంటారా, లేక వాళ్లలోనూ తేడాలున్నాయా?