సృష్టి కాలంలో మొక్కలు నాటడం ఈ ఏడాది మానేద్దామా?

విద్యార్థి సంఘం సభ్యురాలు:
మా కాలేజీ కతోలిక విద్యార్థులం ఏటా సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4న వచ్చే పునీత ఫ్రాన్సిస్ అస్సీసి పండుగ దాకా సృష్టి కాలం, అంటే దేవుడి సృష్టిని కాపాడుకోవాలని ప్రార్థించే రోజులు, జరుపుకుంటాం. పోయినేడు చర్చిలో పండుగ పూజ అయ్యాక యాభై మొక్కలు నాటాం. మొన్న జూన్‌లో లెక్కపెడితే పదకొండే బతికున్నాయి. ఈసారి నాటడం మానేసి, హాస్టల్ మెస్‌లో రోజూ పారేస్తున్న అన్నం సంగతి చూద్దామంటున్నాను. సంఘంలో సగం మంది ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

పాత విద్యార్థి:
మానొద్దు చెల్లీ. అన్నం వృథా గురించి మీటింగ్ పెడితే పదిమంది రారు. మొక్కలంటే వేరే మతాల స్నేహితులు కూడా పలుగు పట్టుకుని వస్తారు. నేను చర్చి పనికి దగ్గరైంది అలాంటి రోజునే.

బోటనీ అక్క:
తప్పు పండుగది కాదు, నెలది. మన తెలంగాణలో అక్టోబర్‌లో వానలు వెనక్కి పోతాయి. అప్పుడు నాటితే వేరు దిగేలోపే నేల ఎండిపోతుంది. జూలైలో నాటండి, సెప్టెంబర్‌లో ఫాదర్‌తో దీవింపజేయండి.

మరో సభ్యుడు:
అసలు పూజకీ చెట్లకీ ఏం సంబంధం? మొక్కల పనికి ఎన్ఎస్ఎస్ ఉంది. చర్చిలో ఆత్మల రక్షణ గురించి చెబితే చాలు.

విద్యార్థి సంఘం సభ్యురాలు:
అన్నా, పూజలో మనం అర్పించే అప్పం గోధుమ నుంచి, రసం ద్రాక్ష నుంచి వచ్చినవే కదా. భూమి ఇచ్చినదాన్నే పీఠం మీద పెడుతున్నాం. బైబిల్లో ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో ఉంచింది దాన్ని సాగుచేసి కాపాడడానికే. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు ‘లౌదాతో సీ’ విశ్వలేఖ, అంటే అందరినీ ఉద్దేశించిన బోధ లేఖ, రాశారు. భూమి మొర, పేదల మొర రెండూ కలిపి వినమన్నారు. ఆ ఏడాదే సెప్టెంబర్ 1ని సృష్టి సంరక్షణ కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. ఇది బయటి నుంచి తెచ్చిపెట్టిన పని కాదు.

ఆ పదకొండు మొక్కల సంగతి కూడా చెప్పాలి. ఎండాకాలం సెలవులకి మేమంతా ఊళ్లకి వెళ్లిపోయాం. బోరులో నీళ్లు తగ్గితే, తోట చూసే తాత ఒక్కడే దూరం నుంచి బిందెలతో మోసి పోశాడట. మేం పెట్టుకున్న ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆయన లేడు. అది తెలిశాక నాకు నిద్రపట్టలేదు. మేం పండుగ చేసుకుని మోత ఆయన భుజం మీద పెట్టాం. అందుకే మానేద్దామన్నాను.

పాత విద్యార్థి:
ఈ మాట నాకు తెలియదమ్మా. అయితే సెలవుల్లో ఎవరు ఏ వారం ఉండి నీళ్లు పోస్తారో ముందే రాసుకుని, ఆ తర్వాతే నాటండి. మాది దగ్గర ఊరే, మే నెలలో రెండు వారాలు నేను వస్తాను.

విద్యార్థి సంఘం సభ్యురాలు:
అలాగైతే నేనూ ఒప్పుకుంటాను, మెస్ అన్నం సంగతి మాత్రం వదలను. అక్కా, ఖాళీ అయిన ముప్పై తొమ్మిది గుంతల్లో ఏం పెట్టమంటావు?

బోటనీ అక్క:
ముప్పై తొమ్మిదీ వద్దు. మీరెంతమంది నీళ్లు పోయగలరో అన్నే. కానుగ, వేప పెట్టండి. ఏ గుంతకి నీళ్లు అందుతాయో ముందు ఆ తాతని అడగండి.