నల్లరేగడిలో ఇల్లు, సెప్టిక్ ట్యాంక్.. మీరేం చేశారు?

మిర్చియార్డ్_పక్కన:
గుంటూరులో అమరావతి రోడ్డు వైపు 4 సెంట్ల స్థలం, మొత్తం నల్లరేగడి, మే నెలలో నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోయింది. మేస్త్రేమో ఐదడుగులు తవ్వి మామూలు ఫుటింగ్ వేస్తే చాలంటాడు, పక్కింటోళ్ల గోడేమో కిటికీ మూల నుంచి ఐమూలగా పగిలింది. ఏం చెయ్యమంటారు? సెప్టిక్ ట్యాంక్, మొక్కల సంగతి కూడా చెప్పండి.

బెజవాడ_మేడ:
చాలదు తమ్ముడూ. ఆ మట్టి తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే ముడుచుకుపోద్ది, ఆ కదలిక 3 మీటర్ల పైచిలుకు లోతు దాకా ఉండొచ్చు, అందుకే అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, అడుగున ఉల్లిపాయలా లావుగా ఉండి కదలని పొరలో పట్టుకుంటాయి. ఆ పైల్స్ మీద వేసే బీము కింద కాస్త ఖాళీ వదిలించు, లేకపోతే మట్టి ఉబ్బి బీముని తంతది. ముందు సాయిల్ టెస్ట్, తర్వాతే మేస్త్రి మాట.

నెర్రెల_తోట:
మేం సెప్టిక్ ట్యాంక్ నీళ్లకి ఇంకుడు గుంటని నమ్మి మునిగాం అన్నా, ఆగస్టు వానలకి నీళ్లు ఇంకక బాత్రూంలోకి వెనక్కి తన్నినయ్, ఆ వాసన పగోడికి కూడా వద్దు. గుంత తీసి రాత్రంతా నానబెట్టి, పొద్దున మళ్లీ నీళ్లు పోసి ఎంత దిగుద్దో చూడు. దిగకపోతే డ్రైనేజీకి కలపడమో, ట్యాంకర్ పిలవడమో. మొక్కలంటావా, పత్తికీ మిర్చికీ బంగారం లాంటి నేలేగానీ వానల్లో నీళ్లు నిలబడి వేళ్లు కుళ్లుతాయి, మడి ఎత్తుచేసి పశువుల ఎరువు బాగా కలుపు. గోడ పక్కన మాత్రం వేపచెట్టు పెట్టకు, అది నీళ్లన్నీ లాగేస్తే పునాది కింద మట్టి కుంగుద్ది.

మిర్చియార్డ్_పక్కన:
అమ్మ ఆల్రెడీ వేప నాటేసింది 😭