నియమాలు మార్చే ‘సర్’తో ‘కాకీ’ రాజీ పడడం సబబేనా?

ప్రశ్న:
లెస్లీ బ్రికస్, ఆంథనీ న్యూలీ కలిసి రాసిన ‘ది రోర్ ఆఫ్ ది గ్రీజ్‌పెయింట్ – ది స్మెల్ ఆఫ్ ది క్రౌడ్’ అనే బ్రిటిష్ సంగీత నాటకం పాటలు నాకు చాలాకాలంగా ఇష్టం. కథను మాత్రం ఈ మధ్యే చదివాను. పై తరగతికి ప్రతీక అయిన సర్, జీవితానికి ప్రతీకగా ఇద్దరూ ఆడే ఆట మధ్యలోనే తనకు అనుకూలంగా నియమాలు మారుస్తూ పోవడం, పేదవాడైన కాకీ వాటిని నమ్మి ప్రతిసారీ ఓడిపోవడం నన్ను కదిలించాయి. అంత నలిగినవాడు చివరికి ఎదురు తిరిగి కూడా రాజీకి రావడం నాకు మింగుడుపడలేదు. మీరేమంటారు?

మొదటి జవాబు:
వైకుంఠపాళిలో పాము ఎవరినైనా ఒకేలా మింగుతుంది. ఈ ఆటలో పాము ఏ గడిలో ఉండాలో సర్ అప్పటికప్పుడు నిర్ణయిస్తాడు. కాకీ గెలిచి ఆ పెద్దరికం తానే తీసుకుంటే ఆట మారదు, ఆడించేవాడు మాత్రమే మారతాడు. అందుకే నాకు ఆ రాజీ నిజాయితీగా తోచింది.

రెండో జవాబు:
మూడో ఆటగాణ్ణి మీరిద్దరూ మరిచారు. సర్, కాకీ వాదులాడుకుంటూ ఉండగా ఒక నల్లజాతి మనిషి వచ్చి ఆట గెలుస్తాడు. ‘ఫీలింగ్ గుడ్’ అతని పాటే. 1965లో అమెరికన్ గాయని నీనా సిమోన్ పాడిన తరువాత అది లోకమంతా తెలిసింది గానీ, నాటకంలో దాని చోటు చాలామందికి తెలియదు. అయితే రచయితలు అతనికి పేరైనా పెట్టకుండా జాతితోనే పిలిచారు. వర్గం గురించి అంత సూక్ష్మంగా ఆలోచించినవారు ఇక్కడ ఆగిపోవడం నన్ను బాధిస్తుంది.

మూడో జవాబు:
ప్రదర్శన చరిత్ర కూడా చూడాలి. 1964 ఆగస్టు 3న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో మొదలైనప్పుడు, సినిమాల్లో అమాయకపు బడుగుజీవి వేషాలతో పేరు పొందిన నార్మన్ విజ్డమ్ కాకీగా నటించాడు. అయినా నాటకం లండన్‌లో పెద్ద నాటకశాలలుండే వెస్ట్ ఎండ్ దాకా చేరలేదు. నిర్మాత డేవిడ్ మెరిక్ దాన్ని అమెరికాకు తీసుకువెళ్లగా, న్యూలీ స్వయంగా కాకీ వేషం కట్టి, సిరిల్ రిచర్డ్ సర్‌గా, 1965 మే 16 నుంచి న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో 231 ప్రదర్శనలు జరిగాయి. నటులు ముఖానికి పూసుకునే రంగు వాసన, జనం హోరు అనే ఇంగ్లిష్ నానుడిని పేరులోనే ‘రంగు హోరు, జనం వాసన’గా తారుమారు చేసిన నాటకంలో, ఎవరు పైన, ఎవరు కింద అన్నది తేలకుండా ముగియడమే సహజమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
మూడో ఆటగాడి ఘట్టాన్ని నేను తొందరగా దాటేశాను. ఈ రాత్రికే మళ్లీ చదువుతాను.